టెర్రీ ఫాక్స్

బాలబాలికలారా! పటంలో కువైట్ దేశం ఎక్కడ ఉన్నదో చూడండి. అది సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఎడారి దేశం. దానికి ఒక వైపు ఇరాక్, మరొక వైపు సౌదీ అరేబియా ఉన్నాయి. మన పూర్వులు ఓడలెక్కి ఈ దీవికి వచ్చి చెరకు తోటలలో పని చేశారు కదా! ఈ కాలంలో కడప, గోదావరి జిల్లాల నుండి ఎందరో తెలుగువారు పని కోసం కువైట్ వెళుతున్నారు.

కువైట్‌లో వేసవి ఎండ చాలా తీవ్రమైనది. 2016వ సంవత్సరంలో మిత్రిబా అనే చోట ఒకనాడు దాదాపు 54 డిగ్రీల వేడి ఉన్నది. అందువల్ల పెద్ద పరుగులు అక్కడ చలికాలంలో జరుపుతారు. కొన్ని పరుగులలో బహుమతి కోసం ఎవరూ పరుగెత్తరు. జబ్బుపడినవారికి సాయం చేయడానికి చందా ఇచ్చి పరుగెత్తుతారు. టెర్రీ ఫాక్స్ పేరుతో కూడా కువైట్‌లో ఇటువంటి పరుగులు జరిగాయి. టెర్రీ కెనడా దేశస్థుడు. కెనడా చలి దేశం. మరి అతని పేరు ఎడారి దేశానికి ఎట్లా చేరింది? ఆ కథ వినండి.

టెర్రీ 1958వ సంవత్సరం జూలై 28వ తేదీన కెనడాలోని విన్నిపెగ్ నగరంలో పుట్టాడు. తండ్రి రైల్వేలో పని చేసేవాడు. టెర్రీకి బాస్కెట్‌బాల్ ఆట అంటే ప్రాణం. కాని అతడు పొట్టివాడు. మొదట్లో ఆట కూడా బాగా రాలేదు. బడి జట్టులో అతనికి ఆడే అవకాశం దాదాపు దొరకలేదు. అయినా రోజూ పెందలకడనే లేచి సాధన చేశాడు. చివరి తరగతికి వచ్చేసరికి బడిలో మంచి ఆటగాడని పేరు తెచ్చుకున్నాడు.

1977లో అతని కుడి మోకాలి దగ్గర నొప్పి ఎక్కువైంది. వైద్యులు పరీక్షించి ఎముకకు క్యాన్సర్ వచ్చిందన్నారు. కాలును మోకాలికి పైన తీసివేశారు. అప్పటికి అతనికి 18 ఏళ్లే.

ఆసుపత్రిలో అతడు ఎందరో రోగులను చూశాడు. వారిలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. వారి బాధ చూసి టెర్రీ తన బాధ మరచిపోయాడు. వైద్యులు అతనికి ఇంకొక సంగతి చెప్పారు. కొన్ని ఏళ్ల క్రితం ఈ జబ్బు వచ్చినవారిలో బతికేవారు చాలా తక్కువ. పరిశోధన వల్ల కొత్త మందులు వచ్చాయి. ఇప్పుడు సగం మంది బతుకుతున్నారు. పరిశోధనకు డబ్బు కావాలి. ఆ డబ్బు తాను కూడబెట్టాలని టెర్రీ నిశ్చయించుకున్నాడు.

మారథాన్ పరుగు దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు. పోర్ట్ లూయీ నుండి మాహేబూర్గ్ దాదాపు అంత దూరం ఉంటుంది. ఒకసారి అంత దూరం పరుగెత్తడమే కష్టం. టెర్రీ ప్రతిరోజూ అంత దూరం పరుగెత్తి, కెనడా దేశాన్ని ఈ చివర నుండి ఆ చివరకు దాటాలనుకున్నాడు. అదీ ఒక కాలితోను, ఒక కృత్రిమ కాలితోను!

1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్ అనే ఊరిలో అతడు తన కృత్రిమ కాలిని అట్లాంటిక్ సముద్రపు నీటిలో ముంచి పరుగు ప్రారంభించాడు. స్నేహితుడు డగ్ వ్యాన్ నడుపుతూ వెంట వచ్చాడు. ఎదురుగాలి, మంచు, వాన వారిని బాధించాయి. కృత్రిమ కాలు ఒరుసుకొని పుండ్లు పడ్డాయి. అలసటవల్ల టెర్రీకి కోపం వచ్చేది. స్నేహితులిద్దరూ పోట్లాడుకునేవారు. తరువాత టెర్రీ తమ్ముడు డారెల్ వచ్చి వారిని నవ్వించాడు. మళ్లీ కలిసిపోయారు.

క్వెబెక్ రాష్ట్రంలో ప్రజలు ఫ్రెంచి మాట్లాడుతారు. ఆ మిత్రులకు ఫ్రెంచి సరిగా రాదు. టెర్రీ ఎందుకు పరుగెత్తుతున్నాడో అక్కడ చాలామందికి తెలియలేదు. చందా కూడా తక్కువగా వచ్చింది. చూశారా! మంచి పనికి కూడా పొరుగువారి భాష తెలియడం అవసరమే.

ఒంటారియో రాష్ట్రంలో మాత్రం వేలకొలది జనం వచ్చి చందాలు ఇచ్చారు. అదే జబ్బుతో కాలు పోయిన పదేళ్ల బాలుడు ఒకడు సైకిలు మీద టెర్రీ వెంట కొంత దూరం వచ్చాడు. ఆ రోజును టెర్రీ ఎన్నడూ మరువలేదు.

సెప్టెంబర్ 1వ తేదీన థండర్ బే నగరం దగ్గర అతనికి ఛాతీలో నొప్పి, దగ్గు వచ్చాయి. జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. పరుగు ఆపవలసి వచ్చింది. అప్పటికి 143 రోజులలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. అవతలి సముద్రాన్ని చేరలేకపోయాడు.

కాని ప్రజలు ఊరుకోలేదు. కెనడాలో తలకు ఒక డాలరు చొప్పున రావాలని టెర్రీ కోరిక. 1981 ఫిబ్రవరి నాటికి 2 కోట్ల 41 లక్షల డాలర్లు పోగయ్యాయి. అతని కోరిక తీరింది. ఆ సంవత్సరం జూన్ 28న టెర్రీ చనిపోయాడు. అప్పుడతనికి 22 ఏళ్లు.

అదే ఏడు సెప్టెంబరులో మూడు లక్షల మంది అతని పేరుతో పరుగెత్తారు. అప్పటినుండి ఎన్నో దేశాలలో ఆ పరుగు జరుగుతూ వచ్చింది. ఇంతవరకు 80 కోట్ల డాలర్లకు మించి పోగయింది.

కువైట్‌లో నయం కాని జబ్బులున్న పిల్లల కోసం బైత్ అబ్దుల్లా అనే శుశ్రూషాలయం ఉన్నది. ఆ మాటకు అబ్దుల్లా ఇల్లు అని అర్థం. అక్కడ పిల్లలకు వైద్యంతో పాటు ఆటలు కూడా ఉంటాయి. ఇటువంటి ఇళ్లు దాతల సాయంతోనే నిలుస్తాయి.

టెర్రీ తన పరుగు పూర్తి చేయలేదు. మిగిలిన దూరం ఇతరులు పరుగెత్తుతున్నారు. మీ తరగతిలో ఒక పిల్లవాడు జబ్బుపడి బడికి రాకపోతే ఏమి చేస్తారు? అతని ఇంటికి వెళ్లి పాఠం చెప్పండి. అదీ ఆ పరుగులో ఒక అడుగే.

ప్రశ్నలు

1. కువైట్‌లో పరుగులు చలికాలంలో ఎందుకు జరుపుతారు?
2. ఆసుపత్రిలో టెర్రీ ఏమి నిశ్చయించుకున్నాడు? ఎందుకు?
3. టెర్రీ పరుగు ఎందుకు ఆగింది? అతని కోరిక ఎట్లా తీరింది?