చిత్తప్రసాద్ బొమ్మరిల్లు

ఖరగ్‌పూర్ పేరు చెబితే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది రైలే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వలసపోయిన కుటుంబాల మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడ తెలుగు మాట్లాడుతున్నారు. ఆ ఊరు అప్పట్లో మిద్నాపూర్ జిల్లాలో ఉండేది. 1943 నవంబర్‌లో ఇరవై ఎనిమిదేళ్ల చిత్రకారుడొకడు కాగితాలు, సిరా పట్టుకుని ఆ జిల్లా పల్లెల్లో తిరిగాడు. పేరు చిత్తప్రసాద్ భట్టాచార్య. కులం చెప్పే ఇంటిపేరు తర్వాత వదిలేసి, ఒట్టి చిత్తప్రసాద్‌గానే మిగిలాడు.

1915లో నైహాటీలో పుట్టాడు. చదువు కొంత మిద్నాపూర్‌లో, కొంత చిట్టగాంగ్‌లో సాగింది. బొమ్మలు గీయడం ఏ ఆర్ట్ స్కూలూ నేర్పలేదు, తనంతట తానే పట్టాడు. చిట్టగాంగ్‌లో కమ్యూనిస్టు పార్టీకి పోస్టర్లు, కార్టూన్లు వేస్తూ ఎదిగాడు.

ఆయన అడుగుపెట్టేనాటికి మిద్నాపూర్ మీద దెబ్బ మీద దెబ్బ పడి ఉంది. జపాన్ వస్తుందన్న భయంతో సర్కారు పడవలను లాక్కుంది. క్విట్ ఇండియా ఉద్యమాన్ని అణచడానికి పోలీసులు ఊళ్ల మీద పడ్డారు. 1942 అక్టోబర్ 16న తుఫాను, ఉప్పెన వచ్చాయి. ఆపైన కరువు. ఆ కరువుకు బెంగాల్ మొత్తంలో బలైనవాళ్లు 20 నుంచి 30 లక్షల మంది దాకా ఉంటారని అంచనా. చిత్తప్రసాద్ గుంపులను గీయలేదు. మనిషి మనిషినీ విడిగా కూర్చోబెట్టి గీశాడు, వాళ్ల కథ రాసుకున్నాడు. ఆ పర్యటనే 'హంగ్రీ బెంగాల్' పుస్తకమైంది. బ్రిటిష్ సర్కారు దాదాపు 5,000 ప్రతులను పట్టుకుని నాశనం చేసింది.

కరువు బొమ్మల దగ్గరే ఆయన కథ ముగించడం చాలామందికి అలవాటు. బొంబాయిలో పార్టీ పత్రికలకు వేసిన కార్టూన్లను ఓ పక్కకు నెడతారు, బొమ్మలాటనైతే కాలక్షేపం కింద కట్టేస్తారు. నాకిది సరైన లెక్కగా తోచదు. ధాన్యం దాచిన వ్యాపారి పొట్టనూ, దొరగారి గడ్డాన్నీ ఎంత సాగదీస్తే చూసేవాడికి ఇట్టే తెలుస్తుందో కార్టూనిస్టుకు తెలియాలి. తీగలు కట్టి ఆడించే బొమ్మకు ముక్కు చెక్కేవాడికి కావలసిందీ ఆ లెక్కే. చెయ్యి ఒకటే, చూసేవాళ్లే మారారు.

1948 తర్వాత పార్టీ పంథా మారింది, చిత్తప్రసాద్ మెల్లగా దూరమయ్యాడు. అంధేరీలో చిన్న గదిలో, చాలీచాలని రాబడితో బతికాడు. చెక్ మిత్రులు పరిచయమైంది అక్కడే. ఆ రోజుల్లో చెక్ దేశం బొమ్మలాటకు పెట్టింది పేరు. యిర్జీ త్రన్కా లాంటివాళ్లు ఆ బొమ్మలనే ఫ్రేము ఫ్రేముకూ కాస్త కాస్త కదిలించి సినిమాలు తీస్తున్నారు. చిత్తప్రసాద్‌కు కెమెరా కొనే స్తోమత ఎక్కడిది? బొమ్మలు తనే చేసి, కథ తనే రాసి, చుట్టుపక్కల పేద పిల్లలకు ఆడించాడు. ఆ బృందానికి 'ఖేలాఘర్' అని పేరు పెట్టాడు. మన భాషలో బొమ్మరిల్లు అనుకోవచ్చు.

అదే కాలంలో లినోలియం మీద చెక్కి అచ్చువేసిన చిత్రాల వరుస ఒకటుంది. పనిలో నలిగిపోయే పిల్లలవి ఆ బొమ్మలు. దాని పేరు 'ఏంజెల్స్ వితౌట్ ఫెయిరీ టేల్స్', అంటే కథలకు నోచుకోని దేవతలు. యునిసెఫ్ డెన్మార్క్ కమిటీ 1969లో దాన్ని పుస్తకంగా వేసింది. పగలు కూలికి పోయే పిల్లలను చెక్కిన మనిషే సాయంత్రం వాళ్లకు కథ చూపించాడు. కరువులో గీసిన ముఖాలు ఆయన్ని వదలలేదేమో అనిపిస్తుంది, ఇది నా ఊహే.

చెక్ దర్శకుడు పావెల్ హోబుల్ 1972లో ఆయన మీద 'కన్ఫెషన్' అనే చిన్న సినిమా తీశాడు. బొంబాయిలో మాత్రం గొప్ప గ్యాలరీలేవీ ఆయన్ని నెత్తిన పెట్టుకోలేదు. 1978 నవంబర్‌లో కలకత్తాలో కన్నుమూశాడు.

'హంగ్రీ బెంగాల్' ప్రతి ఒక్కటి మాత్రం కుటుంబం దగ్గర భద్రంగా మిగిలింది. దాని ఆధారంగానే 2011లో ఢిల్లీ ఆర్ట్ గ్యాలరీ పుస్తకాన్ని మళ్లీ అచ్చువేసింది.