ఘంటసాల: పానగల్ పార్కులో పడుకున్న కుర్రాడు.. ఇంటింటి గ్రామఫోన్‌లో గొంతయ్యాడు! చివరి రికార్డు మాత్రం చూసుకోలేకపోయాడు

మైలవరం: మన ఊరి రోడ్డు మీద వైకుంఠ రథం వెళ్తోందంటే ముందు చూడక్కర్లేదు.. వినిపిస్తుంది. మైకులో గీతా శ్లోకం, దాని వెనకే తెలుగులో తాత్పర్యం. రోడ్డు పక్కన టీ తాగేవాళ్లు గ్లాసు కింద పెట్టి ఒక్క క్షణం లేచి నిలబడతారు. ఎవరు పోయారో తెలియకపోవచ్చు గానీ పాడుతున్నది ఎవరో అందరికీ తెలుసు. ఘంటసాల వెంకటేశ్వరరావు.

విచిత్రం ఏంటంటే ఆ రికార్డు చావు కోసం చేసింది కాదు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతిన్న ఓ మనిషి, సినిమా పాటల మధ్యలో తీరిక చేసుకుని, బతికున్న వాళ్లు ఇంట్లో కూర్చుని వినాలని చేసిన రికార్డు అది. ఇప్పుడు ఇంట్లో పెడితే పెద్దవాళ్లు కట్టేయమంటారు. ఆ రికార్డు దాకా ఆయన ఎలా వచ్చారో తెలిస్తే ఈసారి కట్టేయరేమో!

ఘంటసాల పుట్టింది మన కృష్ణా జిల్లాలోనే. గుడివాడ దగ్గర చౌటపల్లి. 1922 డిసెంబర్ 4. తండ్రి సూరయ్య మృదంగం వాయిస్తారు, తరంగాలు పాడతారు. తండ్రి భుజాన ఎక్కి ఊరూరా తిరిగిన ఆ పిల్లాడు తరంగాలకు చిందులేస్తుంటే జనం బాలభరతుడు అని ముద్దుగా పిలిచేవాళ్లు. అంటే పాట కంటే ముందు ఆటే వచ్చిందన్నమాట. ఆయన పదకొండో ఏటే తండ్రి పోయారు. పోయే ముందు కొడుకుని పెద్ద సంగీత విద్వాంసుడివి కావాలని కోరి వెళ్లారు. తల్లి రత్తమ్మ, పిల్లలు మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య పంచన చేరారు.

అప్పటి బెజవాడ పరిసరాల్లో పాట అంటే ఏంటో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. సినిమా ఇంకా మాటలు నేర్చుకుంటున్న రోజులు. జనానికి తెలిసిన హిట్ పాటలు నాటకం పద్యాలే. మన మైలవరం రాజావారి నాటక కంపెనీ బెజవాడలో ఓ వెలుగు వెలిగింది. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి లాంటి నటులు ఆ కంపెనీ స్టేజీ ఎక్కినవాళ్లే. పద్యానికి వన్స్‌మోర్ పడితే నాటకం అక్కడే ఆగిపోయేది! అదే పద్యం గ్రామఫోన్ ప్లేటు మీదకు ఎక్కి, ఊళ్లో స్తోమత ఉన్న ఇంటి అరుగు మీద మోగుతుంటే వీధి వీధంతా గుమిగూడేది. నటుడే గాయకుడు, గాయకుడే రికార్డు స్టార్. ఘంటసాల పెరిగింది ఈ గాలిలో.

కానీ గాలి పీల్చినంత మాత్రాన సంగీతం రాదు కదా. పక్క ఊళ్లో ఉత్సవాలకు వెళ్లి విద్వాంసులతో పోటీకి దిగి ఓడిపోయాడు, నవ్వులపాలయ్యాడు. ఆ పట్టుదలతో సంగీతం తెలిసినవాళ్ల ఇళ్లలో పనికి కుదిరాడు. ఒక ఇంట్లో బట్టలు ఉతికాడు, ఇంకో ఇంట్లో వంట చేశాడు. చాకిరీ మిగిలింది గానీ విద్య అంతంతమాత్రం. చివరికి నలభై రూపాయల విలువైన వేలి ఉంగరం ఎనిమిది రూపాయలకు అమ్మి, ఇంట్లో చెప్పకుండా విజయనగరం బండెక్కేశాడు.

తీరా వెళ్తే అక్కడ సంగీత కళాశాలకు వేసవి సెలవులు! ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ కుర్రాడిని కళాశాల ఆవరణలో ఉండనిచ్చారు. భోజనానికి రోజుకో ఇల్లు చొప్పున వారాలు. అవీ చెడిపోయిన రోజులొచ్చాయి. అప్పుడు ఆదుకున్న గురువు పట్రాయని సీతారామశాస్త్రి. ఆయనా ఉన్నవారేం కాదు. చదువు చెప్పగలరు గానీ రోజూ రెండు పూటలా పెట్టగలిగే స్థితి లేదు. దాంతో శిష్యుడు జోలె భుజాన వేసుకుని ఇంటింటికీ మధుకరానికి వెళ్లాడు. ఆ అన్నం తిని పాఠం చెప్పించుకున్నాడు, సంగీత విద్వాన్ పట్టా పుచ్చుకుని బయటకొచ్చాడు. ఈ గురువుగారి ఇంటి పేరు గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో మళ్లీ వస్తుంది.

ఇంటికొచ్చి కచేరీలు మొదలుపెట్టాడో లేదో 1942 వచ్చింది. క్విట్ ఇండియా. పాటలు పాడుతూ ఉద్యమంలోకి దూకిన ఇరవై ఏళ్ల కుర్రాడిని పట్టుకెళ్లి బళ్లారి దగ్గర అల్లీపురం జైల్లో పెట్టారు. పద్దెనిమిది నెలలు. ఆ జైల్లోనే పొట్టి శ్రీరాములు లాంటి వాళ్లతో పరిచయం. బయటికి వచ్చాక 1944 మార్చి 4న సావిత్రితో పెళ్లి. ఆ రోజు సాయంత్రం కచేరీ చేసింది ఎవరనుకుంటున్నారు? పెళ్లికొడుకే. డబ్బుల్లేకనో సరదాకో గానీ, వచ్చిన బంధువులు ముక్కున వేలేసుకున్నారట!

పెళ్లి కచేరీలు, ఉత్సవాలు, నాటకాల్లో వేషాలు.. వీటితో సంసారం గడుస్తోంది. అత్తగారి ఊరు పెదపులివర్రు. అది సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య ఊరు కూడా. ఈ గొంతు విని మద్రాసు రమ్మన్నది ఆయనే. వెళ్తే సముద్రాల గారిది చిన్న ఇల్లు, అదీ నిండా జనం. వాళ్లకు భారం కాకూడదని పానగల్ పార్కు వాచ్‌మన్‌కు నెలకు రెండు రూపాయలు ఇచ్చి అక్కడ బస చేసేవారు. పగలంతా వేషాల కోసం, పాటల కోసం తిరగడం. 1944లో వచ్చిన 'సీతారామ జననం'లో చిన్న వేషం, కోరస్‌లో పాట. ఇప్పటి భాషలో చెప్పాలంటే జూనియర్ ఆర్టిస్ట్. 'త్యాగయ్య'లోనూ అలాంటి చిన్న వేషమే. నటుడిగా అంతకు మించి దారి తెరుచుకోలేదు. తెరుచుకుని ఉంటే మనకేం మిగిలేదో ఆలోచిస్తే భయమేస్తుంది.

గ్రామఫోన్ కంపెనీ గుమ్మం కూడా ముందు తెరుచుకోలేదు. ఈ గొంతు రికార్డుకు పనికిరాదని తిప్పి పంపారని సినిమా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత కుక్క బొమ్మ కంపెనీ.. అదే హెచ్ఎంవీలో పనిచేస్తున్న పేకేటి శివరాం ఆ గొంతు విలువ పట్టుకుని పాటలు రికార్డు చేయించారు. పేకేటి ఎవరో గుర్తొచ్చారా? 'దేవదాసు'లో దేవదాసు స్నేహితుడు భగవాన్‌గా వేసిన నటుడు! పొద్దున రికార్డింగ్ పని, తర్వాత మేకప్. ఆ తరంలో రికార్డుల మనిషికి, తెర మీద మనిషికి మధ్య గోడ పెద్దగా ఉండేది కాదు.

1945లో 'స్వర్గసీమ'. భానుమతితో కలిసి పాట. చేతికొచ్చింది 116 రూపాయలు. 1948లో 'బాలరాజు'కు గాలిపెంచల నరసింహారావుతో పాటు సంగీతంలో చెయ్యేశారు. ఆ సినిమా ఆడిన ఆట తెలుగు సినిమా అంతవరకూ చూడలేదు. 'కీలుగుర్రం', ఎన్టీఆర్ తొలి సినిమా 'మనదేశం' రెండూ 1949లోవే, రెండింటికీ సంగీతం ఆయనదే. 1951లో 'పాతాళభైరవి' వచ్చాక ఇక వెనక్కి చూసే పనే లేదు. పార్కులో పడుకుని ఏడేళ్లయినా కాలేదు!

ఆయన చేసిన అసలు మార్పు ఏంటంటే.. పద్యం. స్టేజీ మీద పద్యం అంటే చివర్లో రాగం సాగదీయాల్సిందే, లేకపోతే చప్పట్లు పడవు. మైకు లేని రోజుల్లో చివరి వరుసకు వినపడాలంటే గొంతు అలా ఎత్తాల్సిందే, అందులో నటుల తప్పు లేదు. కానీ గ్రామఫోన్ ప్లేటుకు అంత ఓపిక లేదు. ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలు.. అంతే, సూది చివరికి వచ్చేస్తుంది. మైకు మూతి దగ్గరే ఉంటుంది, అరవక్కర్లేదు. ఘంటసాల ఈ రెండూ పట్టేశారు. రాగం తగ్గించారు, మాట తేటగా పలికారు, ఏడుపు ఉన్న చోట గొంతులో తడి చూపించారు. పద్యం అర్థం కావడానికి పండితుడు పక్కన కూర్చోనక్కర్లేకుండా పోయింది.

దానికి సాక్ష్యం 'పుష్పవిలాపం'. గుంటూరు కవి కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి పద్యాలు. సినిమా లేదు, హీరో లేడు, హీరోయిన్ లేదు. పూజకు పూలు కోయబోతే ఆ పూలే మొరపెట్టుకుంటాయి.. ఇంతే కథ. ప్లేటు రెండు వైపులా కలిపి ఆరేడు నిమిషాలు. ఆ ఆరేడు నిమిషాలు తెలుగు పల్లెల్లో ఎంతమంది చేత పూలు కోయడం మాన్పించిందో లెక్క లేదు గానీ, ఆ రికార్డు విని పెరిగిన అమ్మమ్మలు మొగ్గ తుంచేటప్పుడు ఇప్పటికీ ఓ మాట గొణుక్కుంటారు. 'కుంతీకుమారి' కూడా ఆ జంట పనే. దాశరథి గీతాలు, భక్తి పాటలు.. సినిమాకు సంబంధం లేని రికార్డులు వరుసగా వచ్చాయి. ఇప్పుడు మనం ప్రైవేట్ ఆల్బమ్ అంటున్నామే, తెలుగులో దానికి ఇంటింటా గిరాకీ తెచ్చినవాడు ఈయనే అంటే పెద్దగా ఎవరూ కాదనరు.

పేరు, డబ్బు వచ్చాక అందరికీ పుట్టే కోరికే ఆయనకూ పుట్టింది. సొంత సినిమా! 1953లో 'పరోపకారం', 1956లో 'సొంతవూరు', 1960లో 'భక్త రఘునాథ్'. మూడూ జేబుకు చిల్లు పెట్టాయి. రాత్రింబవళ్లు వేరేవాళ్ల సినిమాలకు పాడి తెచ్చింది తన సినిమాలకు పోసేశారు. పాట విషయంలో అంత లెక్క తెలిసిన మనిషికి డబ్బు లెక్క తెలియలేదు.. లేదా తెలిసినా పట్టించుకోలేదు. నిర్మాతగా దెబ్బ తిన్న ఆ ఏళ్లలోనే సంగీత దర్శకుడిగా శిఖరం మీద ఉన్నారు మరి. 1957లో 'మాయాబజార్' సాలూరి రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టి మధ్యలో తప్పుకుంటే మిగతా భారమంతా ఈయన మీద పడింది. వింటుంటే ఏది ఎవరిదో అతుకు కనపడదు. 1962లో 'గుండమ్మ కథ', 1963లో రంగుల 'లవకుశ'. ఆ సినిమా కోసం బళ్లు కట్టుకుని టౌనుకు వచ్చిన కథలు మైలవరం చుట్టుపక్కల ఏ తాతను కదిపినా చెబుతారు.

నటన సంగతేమైంది అంటారా? ఒక్కసారి తిరిగొచ్చింది. 1960లో 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం'. సంగీతం పెండ్యాల నాగేశ్వరరావు. గుడిలో స్వామి ఎదుట కూర్చుని పాడే గాయకుడు కావాలి. వేరే నటుడిని పెట్టి పెదవులు కదిపించడం ఎందుకని ఘంటసాలనే కూర్చోబెట్టారు. తెర మీద గాయకుడిగా గాయకుడే. నటించడానికి అక్కడేం లేదు, కళ్లు మూసుకుని పాడటమే. కోరస్‌లో వెనక నిలబడిన ఆ జూనియర్ ఆర్టిస్ట్‌కు పదహారేళ్లకు దొరికిన క్లోజప్ అది. యూట్యూబ్‌లో ఉంటుంది, ఈసారి పాట కాదు.. ముఖం చూడండి.

షుగర్, గుండె జబ్బు 1969 నుంచీ బాగా ఇబ్బంది పెట్టాయి. అదే ఏడాది వచ్చిన 'ఏకవీర'లో కొత్త కుర్రాడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంతో కలిసి పాడారు. 1970లో పద్మశ్రీ. 1971లో యూరప్, అమెరికాల్లో కచేరీలు.. అక్కడి మనవాళ్లు పిలిచి పిలిచి పాడించుకున్నారు. ఇంటికొచ్చాక మందులు, మళ్లీ రికార్డింగులు.

ఆ నడుమే భగవద్గీత. 700 శ్లోకాల్లోంచి వంద పైచిలుకు ఎంచుకుని, శ్లోకం వెంట తెలుగు తాత్పర్యం ఆయనే చెబుతూ లాంగ్‌ప్లే రికార్డు. చిన్న ప్లేటు మూడు నిమిషాల ఇరుకు లేదు ఇక్కడ, ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైనే. జాగ్రత్తగా వింటే ఓ సంగతి తెలుస్తుంది. కృష్ణుడి మాటకు ఒక గొంతు, అర్జునుడి దిగులుకు ఇంకో గొంతు. నాటకాల్లో వేషాలు కట్టినవాడు ఎక్కడికి పోతాడు? మేకప్ లేకుండా, కెమెరా లేకుండా రెండు పాత్రలూ ఆయనే వేసేశారు. శ్లోకానికీ శ్లోకానికీ మధ్య తాత్పర్యం చెప్పేటప్పుడు మాత్రం మామూలు మనిషి.. మన పక్కన కూర్చుని చెబుతున్నట్టు.

ఆ రికార్డింగ్‌లో వాద్య బృందాన్ని చూసుకున్నది పట్రాయని సంగీతరావు. గుర్తుందా ఆ ఇంటి పేరు? విజయనగరంలో పాఠం చెప్పిన గురువుగారి కొడుకు. మద్రాసులో ఏళ్ల తరబడి ఘంటసాలకు సంగీతంలో తోడుగా ఉన్నది ఆయనే. జోలె పట్టి తెచ్చుకున్న అన్నం తిని చదివిన శిష్యుడి ఆఖరి పెద్ద పనికి గురువు ఇంటి మనిషే పక్కన నిలబడ్డారు.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల కన్నుమూశారు. యాభై ఒక్క ఏళ్లు. గీత రికార్డు అప్పటికి ఇంకా బజార్లోకి రాలేదు. ఆయన పోయాక కొద్ది వారాలకు హెచ్ఎంవీ విడుదల చేసింది. మొదటిసారి కొనుక్కుని విన్న జనం అప్పుడే పోయిన మనిషి గొంతులో ఆత్మకు చావు లేదని చెప్పే శ్లోకాలు విన్నారు. బహుశా ఆ రోజే ఆ రికార్డుకు చావుతో ముడి పడిపోయింది. ఆ తర్వాత క్యాసెట్, సీడీ, ఇప్పుడు వైకుంఠ రథం డ్రైవర్ జేబులో పెన్‌డ్రైవ్.

విజయవాడలోని ప్రభుత్వ సంగీత కళాశాలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. సాయంత్రం పూట ఆ గేటు ముందు నుంచి వెళ్తే లోపల పిల్లలు సరళీ స్వరాలు దిద్దుతూ వినిపిస్తారు.