తబలా విద్వాంసుడు ఉస్తాద్ అల్లా రఖా

లోకమున కొందఱు విద్వాంసులు సభామధ్యమున ప్రధానస్థానము నలంకరించి కీర్తి గడింతురు. మఱికొందఱు ప్రక్క నాసీనులై, ఇతరుల విద్యకు వన్నె తెచ్చుచు, ఆ ప్రక్కస్థానమునే గౌరవస్థానముగా మార్చుదురు. ఈ రెండవ తెగవారి చరిత్రములు మన బాలబాలికలకు మిక్కిలి ఉపయుక్తములని మా యభిప్రాయము. ఏలయన, తరగతిలో నెల్లరును ప్రథములు కాజాలరు. కాని ఎవరి స్థానమున వారు నిపుణులు కావచ్చును. అట్టి మహనీయులలో ఉస్తాద్ అల్లా రఖా ఖురేషీ ఒకడు.

మన ఎర్రగడ్డలో పెండ్లిపందిరి ప్రక్కగా పోవునపుడు విద్యుద్వాద్యముల హోరులో తబలా నాదము చెవిని సోకుట వింత గాదు. మన ప్రార్థనాలయములలో హార్మోనియముతో కీర్తనలు పాడునపుడు తబలా తోడుగా నుండుట పరిపాటియే. ఈ చిన్న వాద్యము సముద్రములు దాటి, రాక్ అనబడు పాశ్చాత్య యువజనుల సంగీతమున చోటు సంపాదించుకొనుటకు త్రోవ వేసినవారిలో ఈయన ముఖ్యుడు.

చరిత్రమునకు ముందు వాద్యమును గూర్చి రెండు మాటలు చెప్పుదుము. తబలా యనునది నిజముగా రెండు వాద్యముల జంట. కుడిచేతిది కొయ్యను తొలిచి చేసినది. ఎడమచేతిది రాగితో గాని ఇత్తడితో గాని చేసిన గుండ్రని డగ్గా. రెంటికిని తోలుమూతలు గలవు. ఆ తోలుపై ఇనుపరజను కలిపిన నల్లని ముద్దను పొరలు పొరలుగా పట్టింతురు. సామాన్యమైన డోలును కొట్టినపుడు స్వరము స్పష్టముగా నుండదు. ఈ నల్లని ముద్ద బరువుచేత తోలుయొక్క కంపనములు ఒక క్రమమునకు వచ్చి, తీగెవాద్యమునందు వలె శ్రుతి పలుకును. మన దేశపు మద్దెలలలోని యీ విశేషమును 1920లో శాస్త్రరీత్యా వెల్లడించినవాడు సి. వి. రామన్. ఆ మహాశాస్త్రజ్ఞుని బాల్యవిద్య విశాఖపట్టణమందలి సెయింట్ అలోషియస్ పాఠశాలలో సాగెనని మన విద్యార్థులు జ్ఞాపకముంచుకొందురు గాక.

అల్లా రఖా 1919వ సంవత్సరము ఏప్రిల్ 29వ తేదీన జమ్మూ ప్రాంతమున ఫగ్వాల్ అను పల్లెలో జన్మించెను. వారిది సేద్యము చేసుకొని జీవించు కుటుంబము, మాతృభాష డోగ్రీ. వంశమున విద్వాంసులు లేరు. ఇంట వాద్యములు లేవు. పండ్రెండేండ్ల ప్రాయమున బంధువుల యింట నుండగా తబలా నాదము ఆ బాలుని మనస్సును దోచుకొనెను. అంతట నతడు ఇల్లు విడిచి, పంజాబు ఘరానాలో ప్రసిద్ధుడైన మియాన్ ఖాదిర్ బఖ్ష్ నాశ్రయించి శిష్యుడయ్యెను.

ఇచ్చట మేము ఒక్కమాట చెప్పక తప్పదు. ఇల్లు విడిచి పొమ్మని మేము ఏ బాలునకును బోధింపము. పోయినవారిలో ఒకడు అల్లా రఖా యగును. అనేకులు నామరూపములు లేకపోవుదురు. కాని తలిదండ్రులు ఈ వృత్తాంతమునుండి గ్రహింపదగినది వేఱొకటి గలదు. బిడ్డ మనస్సు దేనియందు నిలుచుచున్నదో ఇంటివారు ముందుగా కనిపెట్టినచో, ఆ బిడ్డ గడప దాటవలసిన పని యుండదు. బల్లమీద వ్రేళ్లతో తాళము వేయు బాలుని చూచి మనము కసరుకొందుము. ఆ తాళము సరిగా నున్నదా యని వినువారు అరుదు.

గురువునొద్ద అల్లా రఖా చేసిన సాధన కఠోరమైనది. పంజాబు ఘరానా విద్య పఖవాజ్ అను పెద్దమద్దెలనుండి వచ్చినదగుటచే బలమును, గణితమును గూడ కోరును. ఆయన దానితో తృప్తి నొందక, పాటియాలా ఘరానాకు చెందిన ఆషిఖ్ అలీ ఖాన్ వద్ద గాత్రము నభ్యసించెను. పాడువాని హృదయమెరిగిన గాని వానికి తోడుగా వాయించుట చేతగాదు గదా! తఱువాతి కాలమున కర్ణాటక సంగీతమందలి లయగణితమునందును ఆయన ఆసక్తి చూపెను.

తొలుత లాహోరులో ప్రక్కవాద్యకారుడుగా జీవించి, 1940లో బొంబాయి రేడియో కేంద్రమున ఉద్యోగమున చేరెను. ఆ దినములలో తబలా వాయించువానికి గాయకునితో సమానమైన గౌరవము లేకుండెను. ప్రకటనలలో పేరు చిన్నది, ప్రతిఫలము స్వల్పము. అట్టి కాలమున ఆ కేంద్రమునుండి మొట్టమొదట తబలాను మాత్రమే ప్రధానముగా వాయించి శ్రోతలకు వినిపించిన ఘనత ఆయనదే. మన హైదరాబాదున ఉస్తాద్ షేక్ దావూద్ (1916–1992) సైతము ఆకాశవాణి నాశ్రయించి ఇట్లే తబలా గౌరవమును నిలిపెను. అల్లా రఖా కొంతకాలము ఏ. ఆర్. ఖురేషీ అను పేరుతో హిందీ చలనచిత్రములకు సంగీతము కూర్చెను. అందు ధనము గలదు. అయినను ఆయన మనస్సు తబలాను విడువలేదు.

పాశ్చాత్యులకు తబలాను పరిచయము చేసిన మొదటివాడు ఈయన కాడు. 1955లో న్యూయార్కు నగరమున అలీ అక్బర్ ఖాన్ సరోద్ వాదనకు తోడుగా చతుర్‌లాల్ తబలా వాయించెను. అల్లా రఖా 1960 తఱువాతి సంవత్సరములలో సితారు విద్వాంసుడైన రవిశంకరునితో జత గూడి దేశదేశములు తిరిగెను. ఆ కచ్చేరీలలో సితారు ప్రశ్నించుటయు, తబలా ప్రత్యుత్తర మిచ్చుటయు చూచి, ప్రక్కవాద్యము సేవకుడు గాదు, సంభాషణలో రెండవ పాత్ర యని శ్రోతలు గ్రహించిరి.

అంతలో పాశ్చాత్య యువకుల దృష్టి మన సంగీతముపై బడెను. 1966లో ఇంగ్లండు దేశపు బీటిల్స్ బృందమువారు తమ పాట యొకదానియందు తబలా నుపయోగించిరి. దానిని వాయించినవాడు అనిల్ భాగవత్. 1967 జూన్ 18వ తేదీన కాలిఫోర్నియాలోని మాంటెరే ఉత్సవమున రవిశంకర్, అల్లా రఖాలు మధ్యాహ్నవేళ వాయింపగా వేలకొలది యువజనులు లేచి నిలిచి కరతాళధ్వనులు గావించిరి. విద్యుద్గిటార్ల గర్జన మధ్య వ్రేళ్లతో వాయించు వాద్యము వినబడుట మైక్రోఫోను వలననే సాధ్యమయ్యెను. కాని విన్నవారిని కదలకుండ కూర్చుండబెట్టినది మాత్రము సాధనయే. 1968లో అమెరికా దేశపు డ్రమ్ముల విద్వాంసుడు బడ్డీ రిచ్‌తో గూడి ఆయన ఒక రికార్డు వెలువరించెను. గ్రేట్‌ఫుల్ డెడ్ అను రాక్ బృందమునకు చెందిన మిక్కీ హార్ట్ ఆయనయొద్ద లయపాఠములు నేర్చెను.

1969 ఆగస్టు 15వ తేదీ రాత్రి వుడ్‌స్టాక్ ఉత్సవమున వాన కురియుచుండగా వారు వాయించిరి. ఆ యుత్సవమునకు నాలుగు లక్షల జనము వచ్చిరని అంచనా. అచ్చటి బురద, మత్తుపదార్థములు, అలక్ష్యము రవిశంకరునకు రుచింపలేదు. ఇది గమనింపదగిన విషయము. ఒక విద్య వేడుకగా వ్యాపించుట వేఱు, గౌరవముతో వ్యాపించుట వేఱు. ఎంత జనము చేరినను వారు తమ విద్యను పలుచన చేయలేదు, తాళమును తగ్గింపలేదు.

1971 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కు నగరపు మేడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన బంగ్లాదేశ్ సహాయకచ్చేరీ మఱింత స్మరణీయము. తుపానుచేతను, యుద్ధముచేతను నిరాశ్రయులైన లక్షలాది జనుల దుఃఖమును చూడజాలక రవిశంకర్ తన మిత్రుడు జార్జి హారిసన్‌ను అర్థించెను. ఒకే దినమున రెండు కచ్చేరీలు జరిగెను. శ్రోతలు సుమారు 40,000. మొదట కూర్చుండినవారు రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖా, తంబురాతో కమలా చక్రవర్తి. వారు శ్రుతి సరిచూచుకొని ముగింపగానే, అదియే పాటయని తలచి జనులు చప్పట్లు చఱచిరి! నవ్వు వచ్చు సంగతియే. కాని ఎఱుగనివారు సైతము ఆదరముతో వినుటకు సిద్ధముగా నుండిరని దానివలన తెలియుచున్నది. టిక్కెట్లవలన చేరిన 2,43,000 డాలర్లకు పైబడిన ద్రవ్యము ఐక్యరాజ్యసమితి బాలల నిధికి అందింపబడెను. ఆ కచ్చేరీ రికార్డునకు 1973లో గ్రామీ బహుమానము లభించెను. పల్లెనుండి వెడలిన బాలుని వ్రేళ్లు ఆకలిగొన్న బిడ్డల నోటికి అన్నము చేర్చుటలో పాలు పంచుకొనెను. విద్యకు ఇంతకు మించిన సాఫల్య మేమున్నది?

భారతప్రభుత్వము 1977లో పద్మశ్రీ బిరుదమును, సంగీత నాటక అకాడమి 1982లో పురస్కారమును ఆయనకొసగెను. బొంబాయిలో ఆయన ఒక సంగీతవిద్యాలయము నెలకొల్పి ఎందఱికో బోధించెను. 1951లో పుట్టిన కుమారుని మొదట చేతుల కెత్తుకొన్నపుడు ఆ శిశువు చెవిలో తబలా జతులు పలికెనని ప్రతీతి. ఆ శిశువే జగద్విఖ్యాతుడైన జాకిర్ హుస్సేన్. అతడు జాన్ మెక్‌లాఫ్లిన్ అను ఆంగ్లేయ గిటారు విద్వాంసునితో శక్తి యను బృందమున వాయించి, తండ్రి వేసిన త్రోవను రాజమార్గముగా చేసెను. 2024 డిసెంబరు 15వ తేదీన దివంగతుడయ్యెను. తక్కిన కుమారులు ఫజల్, తౌఫిక్‌లును లయవిద్యయందు ప్రసిద్ధులే.

తండ్రి కడపటి దినము దుఃఖకరమైనది. తన కుమార్తె మరణించినదను వార్త విని, ఆ శోకమున గుండె ఆగి, 2000వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన తన 80వ యేట అల్లా రఖా బొంబాయిలో కన్నుమూసెను. ఎన్ని లయలనో శాసించిన ఆ హృదయము పుత్రికావాత్సల్యమునకు లోబడెను.

ప్రియ విద్యార్థులారా! ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినది, పరదేశమున చప్పట్లు సంపాదించు నుపాయము గాదు. చిన్నదని లోకము తలచిన పనిని పెద్దమనస్సుతో చేసినచో ఆ పనియే పెద్దదగును. ప్రక్కన కూర్చుండువాడు చక్కగా వినవలెను. వినగలిగినవాడే చక్కగా వాయించును. గానసభలో నిజమైన యీ మాట తరగతిలోను, ఇంటిలోను, లోకములోను గూడ నిజమే.