జోసెఫ్ ఫ్రౌన్‌హోఫర్

జర్మనీదేశమున బవేరియా సీమలో డాన్యూబు నదీతీరమున స్ట్రౌబింగ్ అను పట్టణము కలదు. అచ్చట 1787 సంవత్సరము మార్చి 6వ తేదీన జోసెఫ్ ఫ్రౌన్‌హోఫర్ ఒక గాజుపనివాని యింట పదునొకండవ బిడ్డగా జన్మించెను. ఆతనికి పండ్రెండేండ్లు నిండకమునుపే తల్లిదండ్రు లిరువురును గతించిరి. సంరక్షకులు 1799లో నాతనిని మ్యూనిక్ నగరమందలి యొక అద్దములపనివానియొద్ద ఆరేండ్ల కట్టుబాటుతో పనికి కుదిర్చిరి. జీతము లేదు, చదువుకొనుటకు యజమానుని అనుమతియు లేదు.

1801 జులై 21వ తేదీన ఆ పాతయిల్లు కూలిపోయెను. యజమానుని భార్య మరణించెను. కొన్నిగంటలు త్రవ్వినపిమ్మట బాలుడు ప్రాణములతో బయటపడెను. ఆ చోటికి వచ్చియున్న బవేరియా ప్రభువు మాక్సిమిలియన్ జోసెఫ్ జాలిగొని 18 బంగారునాణెముల నొసంగెను. ఉట్జ్‌ష్నైడర్ అను పెద్దమనుష్యుడు గణితగ్రంథములను తెచ్చియిచ్చెను. బాలు డా ధనమును విందువినోదములకు వ్యయపరుపక గాజు సానపట్టు యంత్రము నొకదానిని కొని, మిగిలిన దానితో తన కట్టుబాటునుండి విడుదల పొందెను.

1806లో నుట్జ్‌ష్నైడర్ ఆతనిని తన యంత్రశాలయందు చేర్చుకొనెను. బెనెడిక్ట్‌బోయర్న్ గ్రామమందలి పాతమఠములో గాజుకొలుములు నెలకొల్పబడియుండెను. మంచి దూరదర్శనికి మంచి గాజు కావలెను; గాజు మంచిదగునో కాదో తెలియుటకు దాని వక్రీభవన గుణకమును కొలువవలెను. నీట ముంచిన కఱ్ఱ వంగినట్లు కనబడుట మన మెఱిగినదే. వెలుతురు ఒక వస్తువునుండి వేఱొకదానిలోనికి పోవునపు డెంత వంగునో తెలుపు సంఖ్యయే ఆ గుణకము. నీటికది రమారమి 1.33. అయితే యొక్కొక్క రంగునకు వంపు వేఱు. ఎఱుపెచ్చట ముగిసి పసుపెచ్చట మొదలగునో తేల్చుట కష్టమగుటచే కొలతలు నిలుకడగా నుండకపోయెను.

1814లో ఫ్రౌన్‌హోఫర్ సన్నని సందుగుండ సూర్యకిరణమును గాజుపట్టకముపై బఱపి, దూరదర్శనితో పరిశీలించెను. వర్ణపటమునం దసంఖ్యాకములైన నల్లనిగీతలు కనబడెను. 1802లో వొల్లాస్టన్ అను ఆంగ్లేయుడు కొన్నిటిని చూచియుండెను గాని వానిని ఉపయోగింపలేదు. ఫ్రౌన్‌హోఫర్ 574 గీతలను లెక్కించి, ముఖ్యమైనవానికి అక్షరములతో పేర్లిడి, బాటప్రక్కనుండు మైలురాళ్లవలె వానిని వాడుకొని గుణకమును ఆరు దశాంశస్థానములవఱకు కొలిచెను. గీతల కారణమును 1859లో కిర్కాఫ్, బున్సెన్ పండితులు వివరించిరి: ఒక్కొక్క మూలపదార్థపు ఆవిరి తనకు తగిన రంగును మ్రింగివేయును.

1821లో నాతడు సన్ననితీగలను వరుసగా బిగించియు, పిదప గాజునకతికించిన బంగారురేకుపై గీతలు గీసియు వివర్తనజాలకములను నిర్మించి వెలుతురు తరంగదైర్ఘ్యమును కొలిచెను. అట్టి జాలకములను లోహముపై గీసి చూచుచుండగా 1902లో అమెరికాలో వుడ్ పండితునికి వింతనీడలు కనబడెను. లోహపుటుపరితలముననున్న ఎలక్ట్రానులు వెలుతురుతో గూడి అలలుగా కదలుటయే వానికి కారణమని తరువాత తేలెను. నేడు 50 నానోమీటరుల బంగారుపొరపై నా అలలను పుట్టించి, దానిని తాకిన ద్రవముయొక్క గుణకమును కొలుచుచున్నారు. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ భాగము. పొరకు కొద్దిపాటి మాంసకృత్తు అంటుకొన్నను గుణకము మాఱి, ప్రతిఫలించు వెలుతురు క్షీణించు కోణము జరుగును. ఇట్లు రోగసంబంధమైన పరీక్షలుగూడ జరుగుచున్నవి. ఆ అలలను మిక్కిలి సన్ననిమార్గములలో నడపు పరికరములను శాస్త్రజ్ఞులు రూపొందించుచున్నారు.

విశ్వవిద్యాలయమున చదువని కారణమున మ్యూనిక్ విద్వత్పరిషత్తులో కొందఱాతని ప్రవేశమునకు అభ్యంతరము చెప్పిరి. ఆతడు వాదులాడక పనిచేసెను. 1824లో డోర్పాట్ నక్షత్రశాల కాతడు పంపిన దూరదర్శని ఆకాలమున ప్రఖ్యాతి గాంచెను. ఆ యేడే ప్రభువాతనికి గౌరవబిరుదము నొసంగెను. క్షయరోగముచే 1826 జూన్ 7వ తేదీన, ముప్పదితొమ్మిదవయేట మరణించెను. ఆతడారంభించిన మఱియొక యంత్రముతో 1838లో బెస్సెల్ ఒక నక్షత్రపు దూరమును నిర్ణయించెను.

విద్యార్థులారా! చదువు నిషేధింపబడిన బాలుడు తనకు లభించిన ధనముతో స్వేచ్ఛను, పనిముట్టును కొనెను. పాఠశాలయు గ్రంథములును మనకు సులభముగా లభించినవి. వాని విలువ నా బాలుడు బాగుగా నెఱుగును.