దావీదు కథను పలికించిన యోహాన్ కూనౌ



జర్మనీ దేశమున లైప్‌సిగ్ పట్టణపు పరిశుద్ధ తోమా దేవాలయమనగానే సంగీతము తెలిసినవారు బాఖ్ పేరు చెప్పుదురు. ఆయనకు ముందు 21 సంవత్సరములు అచ్చటి గాయకులను నడిపించిన యోహాన్ కూనౌను తలచువారు తక్కువ.

ఈయన 1660లో సాక్సనీ సీమలోని గైసింగ్ అను చిన్న ఊరిలో జన్మించెను. 1684లో తోమా దేవాలయమున ఆర్గన్ వాయించు పనిలో చేరెను. న్యాయశాస్త్రము చదివి వకీలు పనియు చేసెను. హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చెను.

1700లో ఈయన ఆరు బైబిలు కథలను హార్ప్సికార్డ్ వంటి వాద్యములకు వ్రాసి అచ్చువేయించెను. పాడుటకు మాటలు లేవు, వట్టి వాద్యమే. మేము సెమినరీలో నుండగా మొదటి కథయైన దావీదు గొల్యాతులను పియానోపై నేర్చుకొంటిమి. మొదట గొల్యాతు గర్వపు అడుగులు బరువుగా వచ్చును. తరువాత ఇశ్రాయేలీయుల వణుకు. ఆ వణుకు మీదుగా, 130వ కీర్తననుబట్టి లూథరుగారు కట్టిన పాట రాగము మెల్లగా నడచును. 1 సమూయేలు 17లో వారు మిగుల భయపడిరని యున్నదిగాని ప్రార్థించిరని లేదు. అది కూనౌ చేర్చినదే. నలువది దినములు ఆ సవాలు వినినవారిలో ఒక్కడైనను మొరపెట్టకుండునా? మేము ఆయనను తప్పుపట్టము.

హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కగా ఈక ములుకు తీగెను మీటును. ఎంత గట్టిగా నొక్కినను ధ్వని ఇంచుమించు ఒకటే. పియానోలో సుత్తి కొట్టును గనుక వ్రేళ్ల బలము వినబడును. మేము గొల్యాతును మోదిన జోరుతోనే వణుకును మోదితిమి, ప్రార్థన మునిగిపోయెను. మాకు నేర్పినవారు పెడల్ మీదనుండి కాలు తీయించి, ఎడమచేతిని ఊపిరంత మెత్తగా ఆడించుమనిరి. అప్పుడే ఆ రాగము తేలివచ్చెను. తరువాతి వడిసెల రాయి ఒక్క వేగమైన స్వరముల పరుగు మాత్రమే, క్షణములో ముగియును. ప్రార్థనకే కూనౌ ఎక్కువ స్థలమిచ్చెను.

1701లో గాయకుల నాయకుడైన తరువాత ఆయనకు సుఖము లేదు. దేహము తరచు జబ్బుపడెను. బాగుగా పాడు విద్యార్థులు పట్టణపు నాటక సంగీతశాలకు పోవుచుండగా దేవాలయమునకు గొంతులు కరవాయెను. పెద్దలకు పలుమారు విన్నపములు వ్రాసెను. 1722 జూన్ 5న నిద్రించెను. మరుసటి సంవత్సరము బాఖ్ ఆ పనిలోనికి వచ్చెను. ఆరాధన కొరకు కూనౌ వ్రాసిన పాటలలో అనేకము నశించినవి. ఈ ఆరు కథలు అచ్చుపడియుండుటచేత మాకు దొరకినవి.