అగ్నితత్త్వదర్శి హెరాక్లిటస్

మన గృహములలో వివాహము అగ్నిసాక్షిగా జరుగును. ఆ అగ్నియే జగత్తునకు మూలమని తలచిన యవన తత్త్వవేత్త యొకడు సుమారు 2,500 సంవత్సరములకు పూర్వము జీవించెను. ఆయనయే హెరాక్లిటస్.

నేటి టర్కీ దేశపు పశ్చిమ తీరమున ఎఫెసస్ నగర శిథిలములు గలవు. అచ్చట క్రీ.పూ. 540 ప్రాంతమున ఆయన జన్మించెను. అంతకు కొలది సంవత్సరములకు ముందే పారశీక చక్రవర్తి సైరస్ లిడియా రాజ్యమును జయించగా, ఆ తీరము పారశీకుల ఏలుబడిలోనికి వచ్చెను. హెరాక్లిటస్ తనకు వంశక్రమమున రావలసిన రాజపదవిని సోదరునకు విడిచెననియు, తన గ్రంథమును ఆర్టెమిస్ దేవి ఆలయమున సమర్పించెననియు ప్రాచీనులు చెప్పుదురు. మిత్రుడైన హెర్మోడోరస్‌ను పురజనులు వెడలగొట్టగా ఆయన వారిని తీవ్రముగా నిందించెను.

సమస్తమును మార్పు చెందుచుండునని, ఆ మార్పును లోగోస్ అను ఒకే నియమము నడపుచున్నదని, నిత్యమైన అగ్నియే దాని రూపమని ఆయన బోధించెను. జరతుష్ట్రుని మతమునందును అగ్ని పరమ పవిత్రము. అచ్చట జగన్నియమమునకు అష అని పేరు. అది మన వేదములలోని ఋతమునకు సోదరశబ్దము. ఈ పోలికలను చూపి, ఆయనపై పారశీక ప్రభావము గలదని ఆంగ్ల పండితుడు ఎం. ఎల్. వెస్ట్ 1971లో వాదించెను.

అందరును దీనిని అంగీకరింపలేదు. అంతకుముందే యవనులలో థేలీస్ జలమును, అనాక్సిమెనీస్ వాయువును మూలముగా చెప్పియుండిరి. అగ్నిని చెప్పుట ఆ త్రోవలోనిదే కావచ్చును. జరతుష్ట్రుని బోధలో సత్యాసత్యములు పరస్పర విరోధులు. తుదకు సత్యమే గెలుచును. హెరాక్లిటస్‌కు విరుద్ధములు రెండును ఒకే వస్తువునకు ఇరుప్రక్కలు. పారశీక పురోహితులైన మగుల పేరు ఆయనదిగా చెప్పబడు ఒక వాక్యమున వచ్చినను, అది నిందాసందర్భమేగాని ప్రశంస కాదు. డేరియస్ చక్రవర్తి ఆయనను ఆహ్వానించెనను లేఖ తరువాతివారి కల్పనయని పండితుల నిర్ణయము.

చివరి దినములలో జనులను విడిచి, కొండలలో ఆకులలములు తినుచు, ఉదరవ్యాధితో క్రీ.పూ. 480 ప్రాంతమున ఆయన మరణించెనని చెప్పుదురు.

సికింద్రాబాదులో పార్శీలు 1847లో నెలకొల్పిన అగ్నిమందిరము మన తెలుగునేలపై గలదు. దాని ముందు నడచునపుడు ఈ యవనుని స్మరించుట తగును. పొరుగువారి వెలుగును చూచి యుండవచ్చును, చూడకయు ఉండవచ్చును. లోగోస్ అందరికిని ఉమ్మడి సొత్తని బోధించినవాని విషయమున, అది ఎవరి సొత్తను వాదముకంటె, దానిని మనమెంత గ్రహించితిమను విచారణయే మేలు.