బడి పంతులు రహీం సాబ్

టీవీలో ఈనాటి ఫుట్‌బాల్ జట్టు బెంచీని చూస్తే నాకు పెళ్ళివారి విడిది గుర్తొస్తుంది. ప్రధాన కోచ్, ఆయనకు సహాయకులు, గోల్‌కీపర్లకు వేరే కోచ్, కసరత్తు చేయించే ఆయన, ఫిజియో, డాక్టరు, కంప్యూటర్ ముందేసుకుని అవతలి జట్టు ఆటను లెక్కగట్టే కుర్రాడు. ఈ పనుల్లో చాలావాటిని 1950 నుంచి పదమూడేళ్ళపాటు హైదరాబాద్ బడి పంతులొకాయన ఒంటిచేత్తో చేశారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళకు రహీం సాబ్.

2024లో హిందీలో 'మైదాన్' సినిమా వచ్చాక మన పిల్లలకు కూడా ఆయన పేరు తెలిసింది. సంతోషమే. కానీ ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థులు చదువుకునే ఈ సంచికలో ఆయన బడి జీవితాన్ని చెప్పుకోవడం న్యాయమని నాకనిపిస్తుంది. ఆయన కోచింగ్ అంతా అక్కడినుంచి వచ్చిందే.

1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు, ఆ జట్టుకు ఆడారు. తర్వాత కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత తీసుకున్నారు. అంటే పాఠం చెప్పడం నేర్చిన మనిషే తర్వాత ఈల పట్టుకున్నారు. ఆ తేడా ఆయన పద్ధతిలో కనిపిస్తుంది.

హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాక ఆయన పిల్లలకు, కుర్రాళ్ళకు చిత్రమైన పోటీలు పెట్టించారు. ఒకదాంట్లో బంతిని కాళ్ళ దగ్గర ఉంచుకుని డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి రాగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. మరోదాంట్లో అలవాటులేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం వాడు కుడికాలితో. ఆ రోజుల్లో మన దేశంలో ఆటంటే ఒకడు బంతి పట్టుకుని నలుగురిని తప్పించి జనం చేత చప్పట్లు కొట్టించుకోవడమే. రహీం సాబ్ ఆ జబ్బును తిట్టి మాన్పించలేదు, ఆట నియమం మార్చి మాన్పించారు. తరగతి గదిలో పనిచేసినవారికి ఈ కిటుకు విలువ విడమరచి చెప్పనక్కరలేదు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఆటగాళ్ళు పేరుకు పోలీసు ఉద్యోగులు, బతుకంతా ఫుట్‌బాల్. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాద్‌కే వచ్చింది. కలకత్తా జట్లే ఫుట్‌బాల్ అనుకునే కాలంలో ఇది చిన్న సంగతి కాదు.

ఆటగాడిని పసిగట్టడంలోనూ ఆయనది పంతులు కన్నే. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన పేద తమిళ కుటుంబపు కుర్రాడు తులసీదాస్ బలరాం ఆయన కంటబడ్డాడు. ప్రాక్టీసుకు హైదరాబాద్ దాకా రావడానికి కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు. అద్దె సైకిల్‌కని రహీం సాబ్ రోజుకో రూపాయి తన జేబులోంచి ఇచ్చారు. ఆ బలరామే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు.

భారత జట్టుతో ఆయన ప్రయాణం 1951 ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణంతో మొదలైంది. మరుసటేడే హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయ్యాం. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతో ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్ళకు 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను దాని గడ్డమీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో మళ్ళీ యుగోస్లావియానే ఎదురైంది. ఈసారి మొదటి గోల్ మనదే, చివరికి 4-1తో ఓడినా. నాలుగో స్థానం వచ్చింది. నన్నడిగితే రహీం సాబ్ గొప్పతనం కొలవడానికి ఆ 10-1కీ ఈ 4-1కీ మధ్య నాలుగేళ్ళు చాలు.

రోమ్‌లో ఫ్రాన్స్‌ను 1-1 దగ్గర నిలిపాం, మిగతా రెండూ ఓడాం. ఆ జట్టులో ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. మైదానంలోకి దిగే అవకాశం మాత్రం ఒక్క మ్యాచ్‌లోనూ రాలేదు.

ఇక జకార్తా, 1962. అప్పటికే రహీం సాబ్‌ను క్యాన్సర్ పట్టుకుంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. థాయ్‌లాండ్ మీద గెలిచాం గానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌ను కూడా దాటుకుని సెమీఫైనల్‌కు చేరాక ఆయన తీసుకున్న నిర్ణయం చూడండి. తలకు కుట్లున్న జర్నైల్‌ను డిఫెన్స్‌లోంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. జర్నైల్ కుర్రతనంలో ముందు వరసలో ఆడినవాడే. దక్షిణ వియత్నాం మీద అతడు గోల్ కొట్టాడు, 3-2తో ఫైనల్ చేరాం.

సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్ళీ అదే కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి జి.డి. సోంధి తప్పుబట్టారన్న కోపంతో ఊరు ఊరంతా మనమీద మండిపడుతోంది. దాదాపు లక్షమంది జనం, కూతలూ ఈలలూ. ముందురోజు రాత్రి రహీం సాబ్ ఆటగాళ్ళను పిలిచి తనకో బహుమానం కావాలని, అది బంగారు పతకమని అడిగారట. జ్వరంనుంచి అప్పుడే తేరుకున్న గోల్‌కీపర్ తంగరాజ్‌ను బరిలో దింపారు. ఇరవై నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. చివర్లో కొరియా ఒకటి తిరిగిచ్చినా 2-1తో పతకం మనదైంది.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న ఆయన పోయారు. యాభై మూడేళ్ళు. మన ఫుట్‌బాల్ జట్టు ఆ తర్వాత ఒలింపిక్స్ మొహం చూడలేదు, ఆసియా క్రీడల స్వర్ణమూ మళ్ళీ రాలేదు. ఇంత కట్టినది ఒక మనిషితోనే ఎలా పోయిందని చాలామంది అడుగుతారు. సిబ్బంది అంతా ఒక్కడే అయినచోట వారసుడు తయారుకావడం కష్టమని నా అభిప్రాయం. ఇందులో ఆయన తప్పేమీ లేదు, ఆయన పక్కన మరో నలుగురిని కూర్చోబెట్టనివారిదే తప్పు.

సంఘం పెద్దలకో మనవి. ఈ స్వర్ణోత్సవాల్లో పిల్లలకు పరుగుపందెం, టగ్ ఆఫ్ వార్ ఎలాగూ పెడతారు. వాటితోపాటు అలవాటులేని కాలితో ఆడే ఫుట్‌బాల్ పోటీ ఒకటి పెట్టించండి. జట్టుకు ఐదుగురు చాలు, మన బడి ఆవరణ సరిపోతుంది. కప్పు ఖర్చు నాది.